దొరసాని ముడిలో పైడమ్మ జుట్టు

నేను ఒక జుట్టుముద్దను. నవ్వుకుంటే నవ్వుకోండి. వెంట్రుక తలమీద ఉన్నంతసేపూ దానికి సాంబ్రాణి పొగలు, సంపెంగ నూనెలు, మల్లెచెండ్లు. దువ్వెనకి తగులుకుని కింద పడిందా, చీపురు వెతుకుతారు. అన్నంలో కనిపిస్తే కంచమే తోసేస్తారు. అలా చీపురు పాలు కావలసిన నేను ఒక జమీందారిణి నెత్తినెక్కి కూర్చున్నాను. ఊరికే కూర్చోలేదు. పగ తీరేదాకా దిగలేదు. మనుషులు పగంటే పాములకే అంటగడతారు గానీ, రాలిన జుట్టుకీ ఉంటుంది. ఎలా ఉంటుందో చెబుతాను.

నేను పుట్టింది వాల్తేరులో, సముద్రం ఒడ్డు గుడిసెల్లో, పైడమ్మ అనే ఆయా తలమీద. విక్టోరియా రాణీగారి కాలం అది. పైడమ్మ జడ మోకాళ్ళు దాటేది. పొద్దున్నే గుమ్మంలో కూర్చుని దువ్వుకునేది. దువ్వెనకి వచ్చిన చిక్కుని వేలికి చుట్టి, ఉండ చేసి, దానిమీద ‘థూ, థూ, థూ’ అని మూడుసార్లు ఉమ్మి, మట్టిగోడ సందులో దోపేది. ఆ పేటలో ఆడవాళ్ళందరిదీ అదే పద్ధతి. ఉమ్మకుండా పారేస్తే ఎవరైనా ఎత్తుకుపోయి చేతబడి చేయిస్తారని భయం. ఉమ్మి పడితే ఇక ఎవరూ ముట్టుకోరని ధీమా. అలా రోజుకొక ఉండగా పుట్టి, రోజుకి మూడు ఉమ్ములు తిని, గోడలో పెరిగాను నేను.

పైడమ్మ అప్పట్లో ఒక జడ్జి దొరగారింట్లో పనిచేసేది. దొరసానుల జుట్టు నెత్తిమీద బూరెలా పొంగి ఉండేది కదా, అదంతా దేవుడిచ్చిందనుకునేవారు మనవాళ్ళు. దేవుడిచ్చింది సగమే. మిగతా సగం ఒక పింగాణీ చెంబు ఇచ్చేది. దొరసాని అద్దం ముందు ఆ చెంబు ఉండేది. దాని మూతకి వేలు దూరేంత చిల్లు. రోజూ దువ్వెనలో వచ్చిన జుట్టుని ఆ చిల్లులోంచి లోపల వేసేది. చెంబు నిండాక కుంకుడు నురుగుతో కడిగి, ఆరబెట్టి, విడదీసి, సన్నటి వలగుడ్డలో కూరి, చిలగడదుంప ఆకారంలో కుట్టేవారు. దాన్ని నడినెత్తిన పెట్టి, ఉన్న జుట్టుని దానిమీదుగా దువ్వి పిన్నులు గుచ్చితే, లోపలి దుంప ఎవరికీ కనపడదు. జుట్టు మాత్రం రెండింతలు అవుతుంది. పైడమ్మ చేతికి ఈ విద్య బాగా పట్టుబడింది.

జడ్జి దొరకి బదిలీ అయి సామాను వేలం వేశారు. చెంబుని సారంగివలస జమీందారుగారు కొన్నారు. దొరల సరుకు అంటే చాలు, అదేమిటో, ఎందుకో అడక్కుండా కొనేవారాయన. వాల్తేరు బంగళాలో వంటవాడు దాన్ని చూసి, ఇంత ముచ్చటైన గిన్నె ఇంకెందుకుంటుందని చక్కెర పోశాడు. మూత చిల్లులోంచి చీమల బారు దిగింది. పని కోసం వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డ పైడమ్మ అది చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎందుకు నవ్వుతున్నావని జమీందారిణి కనకమణీదేవిగారు గద్దిస్తే, అసలు సంగతి చెప్పింది. ఆ మధ్యాహ్నమే ఆమెకి కొలువు కుదిరింది.

కుదరడానికి కారణం ఉంది. కిందటి శీతాకాలం కలెక్టరు బంగళాలో ఆడవాళ్ళ తేనీటి విందు జరిగింది. కనకమణి రాణిగారు వీశెల కొద్దీ బంగారం పెట్టుకుని, గద్వాల పట్టు కట్టుకుని, నున్నగా దువ్విన జడతో వెళ్ళారు. ఎవరో ఒక కొత్త దొరసాని ఎదురొచ్చి, ఏడుస్తున్న తన బిడ్డని ఈమె చేతుల్లో పెట్టి, ‘ఆయా’ అని ఏదో పురమాయించి లోపలికి పోయింది. బిడ్డని ఎత్తుకుని వరండాలో నిలబడిపోయారు. ఆ పిల్లాడు ఆ గద్వాల పట్టుని తడిపాడు కూడా. తక్కిన జమీల ఆడవాళ్ళు విసనకర్రల వెనక నవ్వుకున్నారు. ఆ రోజునుంచి ఆయాకీ దొరసానికీ తేడా జుట్టు ముడిలోనే ఉందని ఆవిడ తీర్మానించుకున్నారు. పాపం అనిపించింది నాకు. ఆ జాలిని ఎక్కువ రోజులు నిలవనివ్వలేదు ఆవిడే.

‘ఉగాదికి నాకు దొరసాని ముడి కావాలి. చెంబులో నా జుట్టు తప్ప ఇంకొకరి వెంట్రుక పడిందో, వీపు చీరేస్తాను,’ అని ఆజ్ఞ. రాణిగారికి మడి ఎక్కువ. పైడమ్మ పిన్నులు పెడుతున్నంతసేపూ ముట్టుకుంటే పరవాలేదు, అయ్యాక మాత్రం పసుపునీళ్ళు చిలకరించుకునేవారు. ఆవిడ జుట్టు చూస్తే ఎలకతోక. ఉగాది దగ్గర పడింది గానీ చెంబు అడుగు కూడా కప్పలేదు. ముడి లేకపోతే కొలువు ఊడుతుంది, జుట్టు కలిపితే వీపు చీరతారు. పైడమ్మ గోడ ముందు కూర్చుని, సందుల్లోంచి నన్ను ఉండ వెంట ఉండ లాగింది. కుంకుడు నురుగుతో కడిగింది, ఎండబెట్టింది, కుట్టింది. కడిగితే మురికి పోతుంది. ఉమ్మి ఉమ్మే.

అలా మడికట్టుకునే తల్లి నడినెత్తిన, ఆయా ఎంగిలితో పెరిగిన నేను కొలువుదీరాను. ఉగాదికి వచ్చిన పక్క జమీల రాణులు ఆ ముడి చూసి నోళ్ళు వెళ్ళబెట్టారు. ‘ఇంత ఒత్తు జుట్టు ఎక్కడ దాచుకున్నావమ్మా ఇన్నాళ్ళూ?’ అని అడిగితే, రాణిగారు తల నిమురుకుని, ‘మా అమ్మగారి పోలిక,’ అన్నారు. నేను లోపల కిసుక్కుమన్నాను. అప్పటికి నాది చిలిపి సంతోషమే, పగ ఇంకా పుట్టలేదు.

పగ పుట్టించింది ఒక బొమ్మల పత్రిక. చెన్నపట్నం నుంచి వచ్చింది. అందులో ఒక దొరసానికి పైన పొంగు ఒక్కటే కాదు, వెనక పాములాంటి జడ మెలికలు తిరిగి గుండ్రంగా చుట్టి ఉంది. వైశాఖంలో గవర్నరు దొరసాని వాల్తేరు వస్తున్నారు. రాణులందరితో కూర్చుని పటం తీయించుకుంటారట. రాణిగారు పత్రిక చూశారు, అద్దం చూశారు, ఆ తర్వాత వెనక నిలబడ్డ పైడమ్మ జడ చూశారు.

‘ఆ జడ నాకు కావాలే పైడీ.’

పైడమ్మ చేతిలో దువ్వెన కిందపడింది. ‘అమ్మగోరూ, ఇది నాది కాదండి. సింహాద్రప్పన్నదండి. మా గుంటకి సన్నిపాతం వచ్చి కళ్ళు తేలేసినపుడు మొక్కీసినాను. బతికితే నా తల్నీలాలు సందనయాత్రకి ఇచ్చుకుంతానన్నాను. బతికినాది. మొక్కు మిగిలున్నాది. ఇది తప్ప ఇంకేటడిగినా ఇత్తానండి.’

గుంటంటే ఆమె కూతురు, పేరు సింహాలు. మూడేళ్ళది. అప్పన్న పేరే పెట్టుకున్నారు. ఆ పిల్లకి ముందు ఇద్దరు పుట్టి పోయారు.

‘అప్పన్నకి ఎన్ని తలలు వస్తాయో ఏడాదికి! ఒకటి తగ్గితే లెక్క చూసుకుంటాడా? నీకు మళ్ళీ పెరుగుతుందిలే, అప్పుడిచ్చుకో.’

‘మళ్ళీ పెరిగినది వేరేదండి. ఆ సామి కాడ మాటిచ్చినది ఈ జడ. ఒగ్గీండమ్మా.’

రాణిగారు అప్పటికి ఒగ్గేసినట్టే కనిపించారు. మర్నాడు మధ్యాహ్నం పైడమ్మ తలలో పేలు పడ్డాయని, ఇల్లంతా అంటిస్తుందని, కేకలు మొదలుపెట్టారు. దాసీలిద్దరు పైడమ్మ భుజాలు నొక్కి పట్టుకున్నారు. కత్తెర రాణిగారి చేతిలోనే ఉంది, లేసులు కత్తిరించేది. పైడమ్మ పెద్దగా అరవలేదు. ‘అమ్మా, నా గుంట... అమ్మా, నా గుంట...’ అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంది. నేను ఆ కత్తెర పట్టిన మనిషి తలమీదే ఉన్నాను. ఆవిడ వంగినప్పుడల్లా నేనూ వంగాను. నన్ను కన్న తల మీదికి నన్నే మోసుకుపోయి ఆ పని చేసింది ఆ మహాతల్లి. అప్పుడు పుట్టింది నాకు పగ. ఇన్నేళ్ళయినా అది తలుచుకుంటే నా పోగు పోగు లేచి నిలబడుతుంది.

జడని కుంకుళ్ళతో కడిగి, పసుపునీళ్ళు చల్లి, ఎండలో వేశారు. ఇంకొకరి వెంట్రుక పడితే వీపు చీరేస్తానన్న మడి ఏమైందని అడగకండి. మోజు ముందు మడి ఎప్పుడూ పక్కకి తప్పుకుంటుంది, అదీ కొత్తేమీ కాదు.

పైడమ్మ ఇక రాదనుకున్నారందరూ. మర్నాడు పొద్దున్నే వచ్చింది. గొరిగీ గొరగని తలమీద కొంగు బిగించుకుని, తన జడనే చేతిలోకి తీసుకుని, రాణిగారికి చక్కగా మెలికలు తిప్పి చుట్టింది. చివరి పిన్ను గుచ్చుతూ మెల్లగా అంది.

‘అమ్మగోరూ, అప్పన్నకి సెప్పుకున్నానండి. సామీ, నీ జడ నా కాడ నేదు, అమ్మగోరి తలమీదున్నాది. నీ మొక్కు ఆరి కాడే వసూల్సేసుకో, నా గుంట జోలికి రాకు అన్నాను. అంతేనండి.’

‘నోర్ముయ్. పిచ్చి వాగుడు,’ అన్నారు రాణిగారు. కానీ అద్దంలో ఆవిడ ముఖం నేను చూశాను.

ఆ తర్వాత పైడమ్మ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. రోజూ పిన్నులు పెడుతూ ఒక్కటే అడిగేది, ఎంతో వినయంగా: ‘సిన్నబాబుగోరు కులాసానాండి?’

చిన్నబాబుగారు రాణిగారి ఒక్కగానొక్క కొడుకు. బంగాళదుంపలా ఉంటాడు. రోజూ కులాసాగానే ఉండేవాడు. అయినా ఆ ప్రశ్న విన్నప్పుడల్లా రాణిగారి మెడ బిగుసుకునేది. ‘అడక్కు’ అంటే, ‘అమ్మమ్మా, పెద్దోరి పిల్లల మంచి అడగొద్దాండి?’ అనేది పైడమ్మ.

మిగతా పని నేను చేశాను. చైత్రం ఎండలు, సముద్రపు ఉక్క. చెమటంతా పీల్చుకుని బరువెక్కాను. నడినెత్తిన కూర్చుని వేడెక్కించాను. దురద పెట్టాను. గోక్కుంటే ముడి చెదురుతుందని ఆవిడ పళ్ళు బిగపట్టి కూర్చునేవారు, నేను ఇంకాస్త పెట్టేదాన్ని. తలనొప్పి మొదలైంది. వైద్యుడు పైత్యం అన్నాడు. రాణిగారు మాత్రం నొప్పి వచ్చినప్పుడల్లా సింహాచలం కొండ ఉన్న దిక్కుకి చూసేవారు. ఆ చూపు నాకు పాయసం.

చందనయాత్ర రెండు రోజులుందనగా చిన్నబాబు తుమ్మాడు. ఉత్త పడిశం, మామిడిపళ్ళు తిని మంచంకింద తడినేలమీద పడుకుంటే రాదా మరి? రెండోసారి తుమ్మేసరికి రాణిగారు లేచి నిలబడ్డారు. మూడోసారికి దాసీలని బయటికి పంపి తలుపేసి, పైడమ్మ చెయ్యి పట్టుకున్నారు. పసుపునీళ్ళ సంగతి గుర్తే లేదు.

‘నీ జడ అప్పన్నకిచ్చేస్తాను. చెప్పవే, ఇచ్చేస్తే సరిపోతుందా?’

‘సరిపోద్దండి. కానీ మూటలో కట్టి తెత్తే దొంగసొత్తయిపోద్దండి. ఎలా పెట్టుకున్నారో అలాగే తలమీదెట్టుకుని కొండెక్కాలండి.’

ఆ మాట ఏ శాస్త్రంలోనిదో నాకు తెలియదు. పైడమ్మ శాస్త్రమే అయి ఉంటుంది. రాణిగారు ప్రశ్నించలేదు. జమీందారుగారు గుర్రప్పందేలకి చెన్నపట్నం వెళ్ళి ఉన్నారు. గోషాలో ఉండాల్సిన మనిషి ఇలా వెళ్ళిందని పదిమందికీ తెలిస్తే పరువు పోతుంది. అందుకని పైడమ్మ చీరల్లోనే ఒక నేతచీర కట్టుకుని, నగలు తీసేసి, తెల్లవారుతుండగా మూసిన బండిలో బయల్దేరారు. నెత్తిన నేను, వెనక జడ, పైన కొంగు. పక్కన పైడమ్మ, ఒడిలో సింహాలు.

అప్పన్న కొండమీద జనం ఇసకేస్తే రాలనట్టున్నారు. తలనీలాలు తీసేచోట లచ్చయ్య అనే ముసలాయన కత్తి నూరుకుంటున్నాడు. రాణిగారు ఆయన ముందు నిలబడి, పిన్నులు లాగి, జడ ఊడదీసి చాపారు.

‘ఇదిగో, మొక్కు. తీసుకోండి. మేం పోవాలి.’

లచ్చయ్య జడ వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. ‘కోసిన జడ అట్టుకొచ్చి సేతిలో ఎడితే మొక్కవుద్దేటమ్మా? ఇది ఇపుడు ఎవుల తలమీదినుంచి తీసినారు?’

‘నా... నా తలమీంచే.’

‘అయితే మీదే మొక్కు. కూకోండి. బేగి కానీండి, ఎనక ఆ వరసంతా ఆగున్నారు.’

‘కాదు, ఇది ఈమెది, ఈ పైడిది...’

పైడమ్మ అప్పటికే పక్క పీటమీద ఇంకో క్షురకుడి ముందు కూర్చుని, కొంగు తీసి, తన తల వంచేసింది. ఆ తలమీద ఎక్కడికక్కడ తెగిన వేలెడు జుట్టు. లచ్చయ్య దాన్ని చూశాడు. చేతిలో పొడుగు జడ చూశాడు. ‘కూకోండమ్మా,’ అన్నాడు మళ్ళీ, కత్తితో పీట చూపిస్తూ. రాణిగారు కూర్చున్నారు. చిన్నబాబు తుమ్ము ఆవిడ చెవుల్లో ఉంది కాబోలు.

నీళ్ళు చల్లేసరికి నేను జారి లచ్చయ్య కాళ్ళ దగ్గర పడ్డాను. ఆయన నన్ను ఎత్తి అటూ ఇటూ తిప్పాడు. ‘ఇదేటి? తలలో పిల్లి పిల్లని ఎట్టుకు తిరుగుతారేటి?’

‘అది నా జుట్టే,’ అన్నారు రాణిగారు, ఏడుపు ఆపుకుంటూ. ‘రాలిందంతా చెంబులో దాచుకున్నది.’

‘కాదండి,’ అంది పైడమ్మ. ఆమె తల అప్పటికి సగం నున్నగా అయింది. ‘మీ జుట్టు సెంబడుగుక్కూడా సాల్లేదండి. ఇది నాది. రోజూ దువ్వుకుని, తూ తూ తూ అని ఉమ్మేసి, గోడలో దోపుకున్నది. ఉగాదినించీ మీ నెత్తిమీదున్నాదండి.’

రాణిగారు అప్పుడు పెట్టిన ముఖం చూడ్డానికే నేను పుట్టాననిపించింది. చెయ్యి నెత్తిమీదికి పోయింది. అక్కడ తుడుచుకోవడానికి ఏమీ మిగల్లేదు. లచ్చయ్య కత్తి వేసిన చోటల్లా తెల్లటి బోడి. ఆయన ఆ పొడుగు జడని, ఆవిడ ఎలకతోకని, పైడమ్మ వేలెడు జుట్టుని ఒకే గంపలో కుప్ప చేశాడు. నన్ను మాత్రం, రాలిన జుట్టు దేవుడికి పనికిరాదని పక్కకి విసిరాడు. పైడమ్మ తీసి రొంటిన దోపుకుంది. దేవుడు వద్దన్నందుకు నాకేం బాధ లేదు. నా పని ఆయనతో కాదు.

గుండ్లకి గంధం పూసే ఒక ముసలమ్మ ఉంది అక్కడ. ఇద్దరికీ దిట్టంగా పూసింది. నేతచీరలు, గంధం పూసిన గుండ్లు, ఇద్దరిలో ఎవరు ఎవరో కన్నతల్లికి కూడా తెలియదు. రాణిగారు పైడమ్మ వెనక్కి నక్కుతున్నారు. ముసలమ్మ అటు చూసి పైడమ్మని అడిగింది. ‘ఆయమ్మెవురే? మీ అక్కా?’

వరసలో నాలుగడుగుల వెనక పక్క జమీ దివాణం ఆడవాళ్ళిద్దరు ఉన్నారు. రాణిగారు వాళ్ళని చూశారు. పైడమ్మ కూడా చూసింది, రాణిగారు చూడడం కూడా చూసింది. ఇక ఆవిడ నోరు తెరవలేరని తెలిసిపోయింది.

‘అక్కేటి? మా ఇంట్లో ఆయా,’ అంది పైడమ్మ తాపీగా. ‘కొత్తగా కుదిరినాది. ఇంతమంది జనాన్నెప్పుడూ సూళ్ళేదు, బెదిరిపోనాది.’

‘అయితే పిల్లని నువ్వు మోత్తావేటే? దానికియ్యి,’ అంది ముసలమ్మ.

పైడమ్మ సింహాలుని ఎత్తి రాణిగారి చేతుల్లో పెట్టింది. ‘జాగర్తగా అట్టుకో,’ అంది. అమ్మగోరూ అనలేదు.

రాణిగారు పట్టుకున్నారు. మెట్లు దిగినంతసేపూ ఆ పిల్లని ఎత్తుకునే దిగారు. దివాణం ఆడవాళ్ళు పక్కనుంచే పోయారు, గుండుతో పిల్లని మోస్తున్న ఆయాని ఎవరూ తిరిగి చూడలేదు. సింహాలు ఆవిడ గుండుమీది గంధం వేలితో గీకి నాకి, చేదుగా ఉందని ముఖం చిట్లించింది. ఆ పిల్ల బతికింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది, జుట్టు కూడా తల్లిలాగే పెరిగిందని విన్నాను.

ఇంటికొచ్చేసరికి చిన్నబాబు పడిశం తగ్గి మామిడిపళ్ళకి ఏడుస్తున్నాడు. పైడమ్మ లోపలికెళ్ళి తన దువ్వెన తీసుకుంది, రొంటిలోంచి నన్ను తీసి పింగాణీ చెంబులో పెట్టి మూత వేసింది. ‘నువ్విక్కడే ఉండి సూత్తా ఉండు,’ అని నాతోనే చెప్పి, కొలువు వదిలేసి వెళ్ళిపోయింది. రాణిగారు నన్ను పారెయ్యలేదు. పారెయ్యాలంటే ముట్టుకోవాలి. దాసీలకి చెప్పాలంటే ఎందుకో చెప్పాలి. అద్దం ముందే ఉండిపోయాను, ఆవిడ బతికినన్నాళ్ళూ. కళ్ళు అద్దంలోకి ఎత్తినప్పుడల్లా ముందు చెంబు కనపడేది.

జమీలు పోయాక బంగళాని మ్యూజియం చేశారు. నేనున్న చెంబుని అద్దాల బీరువాలో పెట్టి, కింద ‘చక్కెర గిన్నె’ అని చీటీ అంటించారు. వంటవాడి తెలివి ఎక్కడికీ పోలేదు. ఎదురు గోడమీద, కొండ దిగిన కొద్దిరోజులకే గవర్నరు దొరసానితో రాణులు తీయించుకున్న పటం ఉంది. అందరి జుట్లూ బూరెల్లా పొంగి ఉన్నాయి. చివర కూర్చున్న కనకమణీదేవిగారు ఒక్కరే నుదురు దాకా కొంగు లాక్కుని, రెండు చేతులతో దాన్ని గడ్డం కింద బిగించి పట్టుకున్నారు. చూపించే మనిషి బడిపిల్లల్ని ఆ పటం ముందు నిలబెట్టి, ‘చూశారా, దొరల మధ్య కూర్చుని కూడా మన ఆచారం వదల్లేదు, తలమీద కొంగు జారనివ్వలేదు ఈ తల్లి,’ అని చెబుతాడు. పిల్లలు చేతులు కట్టుకుని వింటారు. నేను చిల్లులోంచి ఆ పటం చూస్తూ రోజూ వింటాను. ఇంతవరకూ ఒక్కరోజు కూడా విసుగు రాలేదు.